సరంగు గుండె

తెలుగువాడి గుండె పడ్డన్ని పాట్లు మరే అవయవమూ పడలేదు. అది జారుతుంది, చెరువవుతుంది, గుభేలుమంటుంది. దాంట్లో రాయి పడుతుంది. అవసరం వస్తే దాన్నే రాయి చేసుకోవాలి. నిజం చెప్పదలచినవాడు దానిమీద చెయ్యి వేసుకోవాలి. జాతీయాల పాఠం చెప్పేటప్పుడు వీటన్నిటినీ బోర్డు మీద వరసగా రాస్తూ వుంటాను. "గుండెలు తీసిన బంటు" దగ్గిరికి వచ్చేసరికి పిల్లలు నవ్వుతారు. నవ్వవలసిన మాటే. కాని ఈమధ్య ఆ మాట రాసినప్పుడల్లా నా కళ్ళముందు ఒక బక్కపలచని డాక్టరు నిలబడుతున్నాడు. 2023 మార్చిలో ఆయన మా బావ గుండెను గంటా ఇరవై నిమిషాలపాటు ఆపివేసి, మరమ్మతు చేసి, మళ్ళీ నడిపించాడు. తియ్యలేదు లెండి, వున్నచోటనే వుంచి చేశాడు. అయినా బంటు అంటే ఆయనే.

మా బావ ఓడ సరంగు. కంపెనీ కాగితాల్లో "బోసన్" అని వుంటుంది కాని మా భీమునిపట్నంలో ఆ మాట ఎవరికీ పట్టదు. సరంగు అంటేనే తెలుస్తుంది. పారశీకంలో సర్‌హంగ్ అంటే సేనానాయకుడు. ఆ మాట ఓడలెక్కి వచ్చి మన రేవుల్లో దిగి సరంగు అయింది. లంగరు, కళాసీ కూడా అలా వచ్చినవే. వచ్చినవి మళ్ళీ ఓడ ఎక్కకుండా ఇక్కడే కాపురం పెట్టాయి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయ సెట్టి సముద్ర వ్యాపారం చేసినవాడని మేము క్లాసులో చెబుతాము. సెట్టిగారి పేరు ఆరువందల ఏళ్ళుగా చెప్పుకొంటున్నాము. ఆయన సరుకు మోసిన ఓడల సరంగు పేరేమిటో ఎవరూ రాసిపెట్టలేదు.

బావ పందొమ్మిదో ఏట బొంబాయి వెళ్ళి ఓడ ఎక్కాడు. ముప్పై మూడేళ్ళు సముద్రం మీద గడిపాడు. తొమ్మిది నెలలు ఓడ, మూడు నెలలు ఇల్లు. మా అక్కకు పెళ్ళయి అప్పటికి ఇరవై ఆరేళ్ళు. "లెక్క వేసి చూడరా, నేను మీ బావతో కాపురం చేసింది ఏడేళ్ళు కూడా లేదు" అంటూ వుండేది. అంటే ఆవిడ దృష్టిలో వాళ్ళింకా కొత్త దంపతులే.

అతని ఉద్యోగంలో ఒక సంగతి ముందుగా చెప్పాలి. అది తెలియకపోతే తరవాత జరిగినదేదీ బోధపడదు. ఓడ మీద "వాచ్" అని ఒకటి వుంటుంది. నాలుగు గంటలు కాపలా, ఎనిమిది గంటలు విశ్రాంతి, మళ్ళీ నాలుగు గంటలు కాపలా. రాత్రి పన్నెండు నుంచి నాలుగు వరకు, మళ్ళీ మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు నిలబడేవాడిది అన్నిటికన్న గడ్డు వాచ్. బావ సరంగు కాకముందు ఇరవై ఏళ్ళు ఆ వాచ్‌లోనే నిలబడ్డాడు. చీకట్లో ఎదుటికి చూస్తూ నిలబడడమే పని. ఏ పడవ దీపమైనా కనిపిస్తే అధికారికి చెప్పాలి. తన వంతు అయిపోయినా, తరవాతివాడు వచ్చి, వాడి కళ్ళు చీకటికి అలవాటు పడి, "నేను చూసుకొంటాను" అని నోటితో చెప్పేదాకా కదలకూడదు. "పాతికమంది నిద్రపోతున్నారంటే నేను మేలుకొని వున్నానన్న ధైర్యం మీదే గదోయ్ పంతులూ" అనేవాడు. సరంగు అయ్యాక వాచ్ తప్పింది గాని అలవాటు తప్పలేదు. ఇంటికి వచ్చినా అర్ధరాత్రి పన్నెండయ్యేసరికి ఎవరో తట్టి లేపినట్టు లేచి కూర్చునేవాడు.

2023 ఫిబ్రవరిలో వాళ్ళ ఓడ దక్షిణాఫ్రికాలోని రిచర్డ్స్ బే రేవులో బొగ్గు ఎత్తుకొని విశాఖపట్నం వస్తున్నది. ఇంటికి వచ్చే ఓడ! లంక ఇంకా రెండు రోజులుందనగా ఒక సాయంకాలం, ముందు డెక్కు మీద లంగరు యంత్రానికి గ్రీజు పెట్టిస్తూండగా, ఛాతీ మీద ఎవరో బస్తా దించినట్టయిందట. ఎడమచెయ్యి లాగింది. ఒళ్ళంతా చెమట. గ్యాసు అనుకొన్నాడు. మన దేశంలో గుండెపోటుకు మొదటి పేరు గ్యాసు! వంటవాణ్ణి అడిగి వాము నమిలి, సోడా తాగి పడుకొన్నాడు. రాత్రి రెండు గంటలకు, అదీ పక్కగది కుర్రవాడు మూలుగు విని తలుపు తోస్తే, సంగతి బయటపడింది. ఎనిమిది గంటలు పోయాయి. గుండెకండరానికి నెత్తురు అందకపోతే గంటగంటకూ కొంత కండరం చచ్చిపోతుంది. చచ్చినది మళ్ళీ బతకదు.

సరుకు ఓడ మీద డాక్టరుండడు. రెండో అధికారి, నక్షాలు చూసి దారి నిర్ణయించే కుర్రవాడు, అతనే మందులపెట్టెకు కూడా అధికారి. అటువంటి ఓడల కోసం రోమ్ నగరంలో 1935 నుంచి ఒక సంస్థ వుంది. ఏ దేశపు జెండా ఎగరవేసిన ఓడ అయినా సరే, నడిసముద్రంలోని రోగికి డబ్బు పుచ్చుకోకుండా వైద్య సలహా చెప్పడమే దాని పని. మార్కోనీ దానికి తొలి అధ్యక్షుడు. ఆయన కాలంలో రేడియో మీద చుక్కలూ గీతలుగా వెళ్ళిన కబురు ఇప్పుడు ఉపగ్రహం మీదుగా మాటగానే వెళుతుంది. కెప్టెను అక్కడికే ఫోను చేశాడు. ఆస్ప్రిన్ నమిలించమన్నారు; నాలిక కింద మాత్ర పెట్టమన్నారు; ప్రాణవాయువు పట్టమన్నారు; రక్తపోటు ఎప్పటికప్పుడు చెబుతూ వుండమన్నారు. హెలికాప్టరు వచ్చి తిరిగి వెళ్ళగల దూరం కాదు. ఓడను వున్న వేగమంతా పెట్టి లంక వేపు నడిపించారు. ముప్పై ఎనిమిది గంటల తరవాత గాలే రేవు నుంచి లాంచి వచ్చి ఎదురైంది. స్ట్రెచరుకు కట్టి తాళ్ళతో దించారు. "ముప్పై మూడేళ్ళు ఎన్ని సరుకులు దించానో! ఆ రోజు నన్నే దించారు. ముడి సరిగ్గా వేశారా లేదా అని చూసుకొంటూనే దిగాను" అన్నాడు బావ.

కొలంబోలో పరీక్ష చేసి మూడు నాళాలు మూసుకుపోయాయన్నారు. చిన్న గొట్టం పెట్టి తెరిచే రకం కాదు, ఛాతీ తెరవవలసిందే. పది రోజులుంచి, కాస్త కుదుటపడ్డాక, వెంట ఒక నర్సునిచ్చి విమానంలో మదరాసు మీదుగా విశాఖపట్నం పంపించారు.

ఆపరేషన్‌కు ముందు రోజు డాక్టరు వచ్చి బొమ్మ గీసి అంతా వివరించాడు. కాలిలోని సిర ఒకటి తీస్తారట. ఛాతీ గోడ లోపల ఎడమపక్కనున్న ధమనిని మళ్ళిస్తారట. మూసుకుపోయిన చోటును వదిలేసి, దానికి అవతల వీటిని అతికి, నెత్తురుకు పక్కదారి ఇస్తారు. అతుకులు వేసేటప్పుడు గుండె కదలకూడదు గనక పొటాషియం ద్రవం పంపి దాన్ని ఆపుతారు. ఆగినంతసేపూ ఒక యంత్రం నెత్తురు తీసుకొని, దానికి ప్రాణవాయువు కలిపి, ఒంటిలోకి పంపుతూ వుంటుంది. నూటికి ఒకరిద్దరి విషయంలో ప్రమాదం వుంటుందని కూడా దాచకుండా చెప్పాడు. మా అక్క పమిట చెంగు నోట్లో కుక్కుకొంది. బావ మాత్రం బొమ్మనే చూస్తున్నాడు.

"డాక్టరుగారూ, స్టాండ్‌బై పంపు వుందాండీ?"

డాక్టరుకు అర్థం కాలేదు.

"ఓడలో ముఖ్యమైన పంపు ఏదీ ఒక్కటి వుండదండి. ఒకటి ఆగితే రెండోది వుంటుంది. మీ యంత్రానికి కరెంటు పోతే?"

డాక్టరు నవ్వి, బ్యాటరీ వుందనీ, అదీ పోతే చేత్తో తిప్పడానికి హ్యాండిలు వుంటుందనీ, ఆ యంత్రం దగ్గిర ఒక మనిషి కళ్ళార్పకుండా కూర్చుంటాడనీ చెప్పాడు. "చేత్తో తిప్పేది వుందా! అయితే సరేనండి" అని బావ సంతకం పెట్టేశాడు. నూటికి ఒకరిద్దరు అన్న మాటను అతను లెక్కచేయనేలేదు. హ్యాండిలు వున్నదన్న మాట చాలింది.

రక్తం కావాలంటే నా క్లాసు కుర్రవాళ్ళు నలుగురు వచ్చి ఇచ్చారు. వాళ్ళలో ఇద్దరికి ఛందస్సులో మార్కులు అట్టే రావు. గురువులు, లఘువుల మాట వాళ్ళ దగ్గిర ఇక ఎత్తను.

లోపలికి తీసుకువెళ్ళాక అయిదు గంటలు పట్టింది. ఆ అయిదు గంటలూ వరండాలో కూర్చుని, ఈ విద్య మనిషికి ఎలా అబ్బిందో చదువుతూ గడిపాను. ఒకప్పుడు వైద్యులకు గుండె అంటే దేవుడి గదిలాంటిది. లోపల చెయ్యి పెట్టరాదు. 1896లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో రేన్ అనే వైద్యుడు కత్తిపోటు తగిలిన ఒక కుర్రవాడి గుండెకు కుట్లు వేశాడు. కుర్రవాడు బతికాడు. తరవాత 1929లో ఫోర్స్‌మన్ అని ఒక జర్మను యువకుడు, పాతికేళ్ళవాడు, మోచేతి సిరలో నుంచి సన్నని గొట్టం దోపి గుండెదాకా పంపవచ్చునన్నాడు. పై అధికారి వద్దన్నాడు. కుర్రవాడు తన చేతినే కోసుకొని, అరవై అయిదు సెంటీమీటర్ల గొట్టం లోపలికి పంపుకొని, అలాగే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి, గొట్టం కొస తన గుండెలో వున్నట్టు ఫొటో తీయించుకొన్నాడు! ఇతణ్ణి కదా గుండెలు తీసిన బంటు అనవలసింది! ఆనాడు మెచ్చుకొన్నవాళ్ళు తక్కువ. చివరకు 1956లో మరిద్దరితో కలిపి నోబెల్ బహుమానం ఇచ్చారు. బావకు కొలంబోలో చేసిన పరీక్ష ఆ గొట్టానికి మనుమరాలు.

గుండె పని చేసే యంత్రం అమెరికాలో గిబ్బన్ అనే డాక్టరుది. 1931లో ఒక రోగి నెత్తురు గడ్డకట్టి తన కళ్ళముందే పోతూంటే రాత్రంతా పక్కన కూర్చున్నాడట. ఆ నెత్తురును కాసేపు బయటకు తీసి, శుభ్రం చేసి, మళ్ళీ లోపలికి పంపగలిగితే బతికేదే గదా అన్న ఆలోచన ఆయన్ను వదలలేదు. ఇరవై రెండేళ్ళు పట్టింది. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో పద్దెనిమిదేళ్ళ పిల్ల ఇరవై ఆరు నిమిషాలు ఆ యంత్రం మీద బతికింది. తరవాత తన గుండె మీదే బతికింది. కాలి సిరతో పక్కదారి వేయడాన్ని 1967లో స్థిరపరచినవాడు ఫవలోరో అనే అర్జెంటీనా దేశస్థుడు. అంతకుముందు పన్నెండేళ్ళు పల్లెటూళ్ళో వైద్యం చేసినవాడు. మన దేశంలో ఆ శస్త్రచికిత్స మొదటిసారి జరిగింది 1975లో, పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో. చేసినవారు డాక్టర్ చెరియన్. రైలింజన్ల పక్కనే గుండెల షెడ్డు కూడా పెట్టారన్నమాట.

అంతవరకు చదివేసరికి తలుపు తెరుచుకొంది. "బాగా జరిగింది" అన్నాడు డాక్టరు. అక్క కూలబడి ఏడ్చింది. అందరూ ఫోన్లు తీశారు. చుట్టాల లెక్కలో ఇక్కడితో కథ అయిపోయింది. అసలు కథ అప్పటికి మొదలే కాలేదు.

ఆ రాత్రి జరిగిన సంగతి మర్నాడు నర్సు మా అక్కకు చెప్పింది. పార్వతీపురం వేపు అమ్మాయి. పన్నెండు దాటాక బావకు మెలకువ వచ్చిందట. గొంతులో గొట్టం వుంది, మాట లేదు. ఛాతీలోంచి రెండు గొట్టాలు. ఎటు చూసినా చిన్న దీపాలు, కూతపెట్టే యంత్రాలు. ఓడ బ్రిడ్జి మీద వున్నాననుకొన్నాడు కాబోలు, లేవబోయాడు. నలుగురు పట్టుకొన్నారు. చేత్తో రాస్తున్నట్టు సైగ చేస్తే ఆ పిల్ల కాగితం, కలం ఇచ్చింది. వంకరటింకరగా రెండు మాటలు రాశాడు: "వాచ్ ఎవరిది?"

ఆ అమ్మాయికి ఓడల సంగతేమీ తెలియదు. చేతి గడియారం అడుగుతున్నాడేమోనని మొదట అనుకొన్నదట. తరవాత ఏం తోచిందో, "నాదే బాబాయ్. పొద్దున్న ఎనిమిది దాకా నాదే. నేను చూసుకొంటాను" అంది. బావ కళ్ళు మూసుకొని పడుకొన్నాడు.

ఆ కాగితం మా అక్క దగ్గిర వుంది.

మూడో రోజున గుండె పైగదుల లయ తప్పింది. ఈ ఆపరేషన్ అయినవాళ్ళలో ఇంచుమించు మూడో వంతు మందికి అలా అవుతుందట. మందుతో ఒక రోజులో సర్దుకొంది. ఎనిమిదో రోజున ఇంటికి పంపించారు. ఛాతీ ఎముకను ఉక్కు తీగెలతో కట్టారు; అది అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అయిదు కిలోలు మించి ఎత్తకూడదు. అంటే నీళ్ళ బకెట్టు కూడా ఎత్తకూడదు. వెల్లకిలానే పడుకోవాలి. దగ్గు వస్తే దిండును రెండు చేతులా గుండెకు అదుముకొని దగ్గాలి. దానికోసం అక్క ఒక చిన్న బూరుగుదూది దిండు కుట్టింది. చిత్రమేమిటంటే, కోసిన ఛాతీకన్న సిర తీసిన కాలే ఎక్కువ బాధపెట్టింది. ఊపిరితిత్తులు విచ్చుకోవడానికని మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇచ్చారు. గట్టిగా పీలిస్తే బంతులు పైకి లేవాలి. ఇరవై టన్నుల లంగరు ఎత్తించినవాడు మూడో బంతి లేవడం లేదని కళ్ళనీళ్ళు పెట్టుకొన్నాడు.

ఆ కళ్ళనీళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. తండ్రి పోయినప్పుడు ఏడవని మనిషి. ఇప్పుడు ఊరికే ఏడ్చేవాడు. పెరట్లో పిల్లి ఈనితే ఏడుపు. పప్పులో ఉప్పు లేదని ఏడుపు. (ముప్పై మూడేళ్ళు ఉప్పునీటి మీద బతికినవాడికి చిటికెడు ఉప్పు లేకుండా చేశారు పాపం.) డాక్టరు ఆశ్చర్యపడలేదు. చాలామందికి ఇలా అవుతుంది, దిగులు కూడా ఈ జబ్బులో భాగమే, తగ్గకపోతే దానికీ మందుంది, దాచుకోవద్దు అన్నాడు. ఈ ముక్క ఇంటికి పంపేటప్పుడే అందరికీ గట్టిగా చెప్పాలని నా అభిప్రాయం. మాత్రల చీటీ నాలుగు పేజీలుంటుంది. ఈ ఒక్క వాక్యం మాత్రం వుండదు.

పరామర్శకు వచ్చేవాళ్ళ గురించి కూడా అనకుండా వుండలేను. వచ్చినవాడు ఊరికే రాడు. ఒక చచ్చినవాడి కథను వెంటబెట్టుకొని వస్తాడు. "మా తోడల్లుడికీ ఇలాగే చేశారండి. బ్రహ్మాండంగా వుందన్నారు. ఆర్నెల్లు తిరిగిందో లేదో..." అని ఆగి, కాఫీ తాగుతాడు. ఒకాయన బావ ఛాతీ మీది గాటు చూపించమని అడిగి, చూసి, "నాది ఇంతకన్న పెద్దది" అని చొక్కా విప్పాడు. ఆయన ఒక్కడి రాకే మేలు చేసింది. ఆపరేషనై పదకొండేళ్ళయిందట, పొలం దున్నిస్తున్నాడట. ఆయన వెళ్ళాక బావ గేటు దాకా నడిచాడు. మర్నాడు మలుపు దాకా. వారం తిరిగేసరికి సముద్రం కనిపించే చోటు దాకా నడిచాడు, కాని అటు చూడలేదు.

పగళ్ళు ఇలా గడిచాయి. రాత్రులే గడవలేదు. పన్నెండయ్యేసరికి లేచి వరండాలో కుర్చీలో కూర్చునేవాడు. పాత అలవాటే గదా అనుకొన్నాము. అక్క ఒక రాత్రి చాటుగా చూసింది. ఎడమ మణికట్టు మీద వేళ్ళు పెట్టుకొని లెక్కపెడుతున్నాడు. అరవై ఎనిమిది, అరవై తొమ్మిది, డెబ్బై. కళ్ళు మూతలు పడబోతే తల విదిలించుకొని మళ్ళీ మొదటినుంచి లెక్క. గుండె ఒకసారి ఆగి నడిచిందని అతనికి తెలుసు. మనుషులు ఆపితే ఆగిన వస్తువు, తనంతట తాను ఆగదని నమ్మకమేమిటి? నిద్రపోతే ఆగిపోతుందని భయం. రోజుకు లక్షసార్లు కొట్టుకొనే దాన్ని, యాభైరెండేళ్ళుగా ఎవరూ కాపలా కాయకుండా కొట్టుకొన్నదాన్ని, ఇప్పుడు తాను మేలుకొని కాపలా కాస్తున్నాడు. అంత పొద్దు ఎవరు మేలుకోగలరు? నెల్లాళ్ళలో మనిషి సగమయ్యాడు.

నేనైతే ఏదో ధైర్యవచనం చెప్పేవాణ్ణి. పంతుళ్ళం, అంతకన్న ఏం చేతనవును? మా అక్క ఏడో తరగతి చదివింది. ఆ రాత్రి తన రామకోటి పుస్తకం, కలం పుచ్చుకొని వరండాలోకి వచ్చి, "ఇదిగో, ఈ రోజునుంచి పన్నెండు–నాలుగు నాది. నేను చూసుకొంటాను. మీరు వెళ్ళి పడుకోండి" అంది. బావ ఆవిడ ముఖం వేపు చాలాసేపు చూశాడట. ఏ మాటకు ఏ మాట జవాబో ఆవిడకు తెలుసునని అతను ఎన్నడూ అనుకోలేదు. లేచి వెళ్ళి పడుకొన్నాడు. ఆవిడ మంచం పక్కన కుర్చీ వేసుకొని, గుడ్డిదీపం దగ్గిర రామకోటి రాసుకొంటూ నాలుగు దాకా కూర్చుంది. నాలుగింటికి పెద్దమ్మాయిని లేపి అప్పగించింది. ఇలా పదకొండు రాత్రులు. పన్నెండో రాత్రి బావ నాలుగున్నరకు లేచి చూస్తే, ఆవిడ కుర్చీలోనే తల వాల్చి నిద్రపోతున్నది. కలం కింద పడి వుంది. ఎవరూ వాచ్‌లో లేరు. గుండె మాత్రం తన పని తాను చేసుకొంటూనే వుంది. "ఓడ మీదైతే చార్జిషీటు ఇచ్చేవాళ్ళు" అని కలం తీసి పుస్తకంలో పెట్టి, కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళాడు.

ఇక డబ్బు సంగతి. నావికుల హక్కుల కోసం 2006లో ఒక అంతర్జాతీయ ఒప్పందం జరిగింది; మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది. ఓడ మీద జబ్బుపడ్డవాడికి వైద్యం ఖర్చూ, ఒడ్డున వున్నా జీతమూ యజమానే ఇవ్వాలి, కనీసం పదహారు వారాలు. మంచి చట్టం, కాదనను. కాని పదిహేడో వారం అని ఒకటి వుంటుంది. ఇల్లు బాకీ మీద వుంది. పెద్దమ్మాయి ఇంజనీరింగు మూడో ఏడు, చిన్నది ఇంటర్. ఓడ ఉద్యోగం కాంట్రాక్టు ఉద్యోగం. ఎక్కితే జీతం, ఎక్కకపోతే లేదు. ఎక్కాలంటే డాక్టరు యోగ్యతాపత్రం ఇవ్వాలి. ఇటువంటి ఆపరేషన్ అయినవాడికి మూడు నెలలపాటు ఆ పత్రం ఇవ్వనే కూడదని అంతర్జాతీయ సూత్రాలు. ఆ తరవాతయినా మళ్ళీ నొప్పి వచ్చే అవకాశం ఎంతో చూసి ఇవ్వాలి. ఇచ్చినా మొదట ఆరు నెలలకే.

బావ నవంబరులో పరీక్షకు వెళ్ళాడు. తొమ్మిది కిలోలు తగ్గాడు, బీడీ మానేశాడు, రోజుకు అయిదు కిలోమీటర్లు నడుస్తున్నాడు. కదిలే పట్టా మీద పరుగెత్తించారు. ఎనిమిది గంటలు ఆలస్యమైనప్పుడు చచ్చిన కండరం బొమ్మలో కనిపిస్తూనే వుంది. పత్రం ఇచ్చారు. దాంట్లో రెండు షరతులు: తీరానికి దగ్గిరి నీళ్ళలోనే పనిచేయాలి, ఒంటరిగా వాచ్‌లో నిలబడకూడదు.

మొదటి షరతుతో దేశాంతర ఓడల ఉద్యోగం పోయింది, జీతంలో మూడు వంతులూ పోయింది. దానికి అతను ఏమీ అనలేదు. రెండోదే పదేపదే చదివించుకొన్నాడు. ఇంగ్లీషు నాకంటే బాగానే చదువుతాడు. అయినా నాచేత చదివించాడు. "ఒంటరిగా కూడదన్నారు గాని, అసలు కూడదనలేదు గదా" అన్నాడు. లేదన్నాను. ఆ సూత్రం రాసినవాళ్ళది తప్పనలేము. పాతికమంది నిద్రపోతున్న ఓడలో, మెలకువగా వున్న ఒక్కడూ కుప్పకూలితే ఆ పాతికమంది సంగతేమిటి? ఆ మాట బావకు నేను చెప్పనక్కరలేదు.

2024 జనవరి నుంచి రేవులో పైలట్ లాంచి మీద పనిచేస్తున్నాడు. పెద్ద ఓడ రేవులోకి రావాలంటే దారి తెలిసిన పైలట్ ఎక్కి నడిపించాలి. ఆయన్ను బయట సముద్రంలో ఆగివున్న ఓడ దాకా తీసుకువెళ్ళేది ఈ లాంచి. దాని సరంగు ముప్పై ఏళ్ళ కుర్రవాడు. బావ అతని కింద కళాసీ. రోజూ ఇంటికి వచ్చి భోజనం చేస్తాడు. "ఈ మనిషితో రోజూ ఎలా వేగడంరా?" అని అక్క నాకు ఫోను చేస్తుంది. కంఠంలో ఎక్కడా విచారం వినిపించదు. పెద్దమ్మాయి చదువు బాకీతో పూర్తయింది. ఇల్లు బాకీ ఇంకా అలాగే వుంది.

మొన్న ఒక రాత్రి బొగ్గు ఓడ వచ్చిందట. పక్కన తాళ్ళనిచ్చెన దించారు. పైలట్ దాన్ని అందుకొని మొదటి మెట్టు మీద కాలు పెట్టేదాకా వెనక నిలబడడం బావ పని. ఆయన ఎక్కిపోయాక తలెత్తి చూస్తే, పైన రెయిలింగు మీదనుంచి ఒక కుర్రవాడు టార్చిలైటుతో తొంగిచూస్తున్నాడు. ముఖం చూసి బావ తెలుగులోనే కేకవేశాడు.

"ఏ వూరోయ్?"

"కవిటి, బాబూ!"

"వాచ్ ఎవరిది?"

"నాదే. పన్నెండు–నాలుగు."

బావ చేతి గడియారం చూసుకొన్నాడు. "ఇంకా గంటన్నర వుంది. నిద్రపోకు" అని అరిచాడట. లాంచి వెనక్కి తిరిగింది.